ముప్పయ్యో సీసా

సకల జనుల సమ్మె రెండో వారం. తార్నాకలో ఆ పొద్దున కూడా బస్సుల చప్పుడు లేదు. ధరణి వాష్‌బేసిన్ దగ్గర నిలబడి తన పాలు పిండి పారబోసి, కుళాయి తిప్పింది. లోపల గదిలో నాలుగు నెలల ప్రణీత్ ఏడుస్తున్నాడు. ఆ ఏడుపు వినగానే జాకెట్టు మళ్ళీ తడిసింది.

తొమ్మిది రోజులుగా ఇదే. యూనివర్సిటీ ల్యాబ్‌లో ఆమె చేసే పని తల్లిపాలలో పురుగుమందు ఎంత ఉందో కొలవడం. ముప్పైమంది తల్లుల పాలు కావాలి. క్యాంపస్‌లో బాష్పవాయువు, గేట్ల దగ్గర పోలీసులు; ముప్పయ్యో తల్లి రాలేకపోయింది. ధరణి తన పాలే సీసాలో పట్టి నంబరు వేసింది. గుంటూరు పత్తిచేల మధ్య పెరిగిన ఒంట్లో ఏముంటుందో అప్పుడు ఆలోచించలేదు. ఆ నంబరు ఎదుట డీడీటీ అంకె చూసిన సాయంత్రం నుంచి కొడుక్కి పాలివ్వలేదు.

"పాలపొడి రెండు చెంచాలుంది. షాపుకి సరుకు రాలేదట," అంది అత్తగారు అరుంధతి. "ఉన్న పాలు పారబోస్తున్నావు. ఏం చదువమ్మా ఇది?"

"అందులో విషం ఉందత్తయ్యా. తెలిసి తాగించమంటారా?"

"నీ మొగుడు నా పాలు రెండేళ్ళు తాగాడు. ఏమైందే వాడికి?"

"మీ పాలు ఎవరూ కొలవలేదు!"

అరుంధతి మొహం తిప్పుకుంది. అప్పుడే పిల్లాడికి నీళ్ళుపోసే రాములవ్వ మాణికేశ్వర్ నగర్ నుంచి నడిచి వచ్చింది.

"సమ్మె కదా, రావనుకున్నాను," అంది అరుంధతి.

"సమ్మె బస్సులకమ్మా. నా కాళ్ళకా?"

"తెలంగాణ వస్తే మమ్మల్ని ఆంధ్రకి పొమ్మంటావేమో."

"మీరంత పోతే ఈ పోరనికి ఆడ నీళ్ళెవరు పోస్తరు? ఉండు."

రాములవ్వ కాళ్ళు చాపుకుని పిల్లాణ్ణి పడుకోబెట్టి నూనె రాసింది. వాడు నోరు తెరిచి ఆమె చీర వెతికాడు.

"ఏంది బిడ్డా, పోరడు గింత తేలికైండు?"

అరుంధతి అంతా చెప్పింది. రాములవ్వ చేతులు ఆగాయి.

"నా కోడలు శివమ్మ పాలు గూడ తీస్కపోతివి గద. గా పాలల్ల లేదా ఈ మందు?"

శివమ్మ అంకె తనకంటే ఎక్కువని ధరణికి తెలుసు.

"ఉందవ్వా. అందరి పాలల్లోనూ ఉంది."

"మరి ఆమెకేం చెప్పినవ్?"

"ఆపొద్దన్నాను. ఆ మందు చేసే కీడుకంటే పాలు చేసే మేలు ఎక్కువన్నాను."

"అబద్ధం చెప్పినవా?"

"లేదు. నిజమే చెప్పాను."

"నా మనవనికి చెప్పిన నిజం నీ కొడుక్కెందుకు చెప్తలేవు?"

ఇరవై తొమ్మిదిమందికి చెప్పింది ధరణి ఆ మాట. విన్న ప్రతి తల్లీ తలూపి బిడ్డను ఒడిలోకి తీసుకుంది. ఆ ఒడులు గుర్తొచ్చి ఆమె గోడకు ఆనుకుని నేలమీద కూలబడింది. చేతులు చాచింది.

అరుంధతి పిల్లాణ్ణి నూనె ఒంటితోనే తెచ్చి ఇచ్చింది. సీసాకు అలవాటుపడ్డ వాడు ముందు తల తిప్పేశాడు.

"కోపమా నాన్నా?" అంది ధరణి. "ఇందులో ఏముందో నాకు తెలుసు. తెలిసే ఇస్తున్నాను. తాగరా."

వాడు కాసేపు వెతికి అందుకున్నాడు. మొదటి గుటక వినబడ్డాక ఆమె ఏడ్చింది.