కార్వర్ బంకులో నీళ్ల సీసా

కార్వర్ ఊళ్లో ఏనాడో మూతబడ్డ పెట్రోలు బంకు వెనక, చేతిపంపు పక్కన, హాలిస్ క్రెయిన్ తల పగిలి చచ్చి పడి ఉన్నాడు.

ఎవరో ఫోన్లో బెదిరిస్తున్నారని అతను తోడు తెచ్చుకున్న డిటెక్టివ్ వినోనా ట్రాస్క్ కారు వెనకబడి, అంతా అయ్యాక వచ్చింది. ఆమె శవాన్ని చూసింది. పంపు గట్టు మీది గాజు సీసాను అంతకన్నా ఎక్కువసేపు చూసింది. ఎందుకో ఆమె సహాయకుడు లైల్‌కు అంతుబట్టలేదు. అంచుదాకా నీళ్లున్న మామూలు సీసా. పంపు మూతి కింద కాస్త బురద. అంతే!

నెవాడా ఎడారిలో పాడుబడ్డ ఊళ్లు చూస్తూ సాగుతున్న ప్రయాణమది. హాలిస్, భార్య ఐరిస్, వ్యాపార భాగస్వామి రోలాండ్ పైక్, దారి చూపే ముసలి జెబ్. టైరు పంచరై ఇక్కడ ఆగారు.

షెరీఫ్ వస్తూనే జెబ్‌ మీదికి బేడీలు తీశాడు.

"చక్రం విప్పే రాడ్డుతో కొట్టారు. రాడ్డు నీది. పొద్దున ఆయనతో పోట్లాడిందీ నువ్వే. ఇంకేం కావాలయ్యా?"

"పోట్లాడితే చంపేస్తానా? అమ్మా, మీరైనా చెప్పండి!" జెబ్ గ్రీజుతో నల్లబడ్డ చేతులు చాపాడు.

"బేడీలు కాసేపు ఆపండి షెరీఫ్ గారూ," అంటూ వినోనా అందరినీ పంపు దగ్గరికి పిలిచింది. "ఐరిస్ గారూ, ఈ పంపు ముట్టుకున్నారా?"

"దిగగానే వచ్చి కొట్టి కొట్టి చెయ్యి నొప్పెట్టింది. చుక్క రాలేదు. సీసాలో నీళ్లు సగం తాగేసి కారు దగ్గరికి పోయా."

"అయ్యో తల్లీ!" జెబ్ ఆ కష్టంలోనూ నొచ్చుకున్నాడు. "అవి తాగేవి కావు. పంపులో పోసి కొడితే నీళ్లొస్తాయి. పోయేముందు సీసా నింపాలి, వెనకొచ్చేవాడి కోసం."

"సగమైన సీసా ఇప్పుడు నిండుగా ఉంది," అంది వినోనా. "అంటే ఎవరో ఆ నీళ్లు పంపులో పోసి, నెత్తురు చేతులు కడుక్కుని, సీసా మళ్లీ నింపి పెట్టారు. ఈ పద్ధతి తెలిసిన ఆ హంతకుడు ఎడారి బిడ్డ."

"మరి వీడేగా!" అన్నాడు షెరీఫ్.

"ఈ గ్రీజు వట్టి నీళ్లకు పోదు. ఇతను ముట్టి ఉంటే సీసా మీద మరక ఉండేది, లేదు. పైక్ గారూ, మీది ఏ ఊరు?"

"న్యూయార్క్. ఎడారి చూడ్డం ఇదే మొదలు."

"పొద్దున లాడ్జీలో బూట్లు బోర్లించి దులిపి తొడుక్కున్నారు. తేళ్లుంటాయని ఎవరు నేర్పారు?"

లైల్ గతుక్కుమన్నాడు. అది తనూ చూశాడు, చూసి నవ్వుకున్నాడు.

"ఏదీ, బూటు అడుగు చూపించండి. నెలల తరబడి వాన లేని చోట, బురద ఈ పంపు కింద తప్ప ఎక్కడుంది?"

పైక్ బూటు ఎత్తలేదు. సీసా వైపే చూస్తూ పంపు గట్టు మీద కూలబడ్డాడు.

"ఈ బంకు మా నాన్నది. హాలిస్ హైవేని తన భూముల మీదుగా తిప్పించాడు, ఊరు చచ్చింది. రాని కార్ల కోసం చూసి చూసి నాన్న పోయాడు. ఫోన్లు చేసింది నేనే. ఇవాళ వాడిక్కడ నిలబడి, 'ఈ కొంపల్లో మనుషులుండేవాళ్లా?' అని నవ్వాడు. కొట్టాను. చేతులు కడుక్కున్నాను. సీసా ఖాళీగా వదిలితే నాన్న తోలు తీసేవాడు... నింపకుండా పోలేకపోయాను."