ప్రొఫైల్లో రెండేళ్లు

పొద్దున్నే చెరువు గట్టు మీద చెక్ ట్రే పైకి లాగి, రాత్రి వేసిన మేత రొయ్యలు తిన్నాయో లేదో చూసుకుంటున్నాడు బంగారరాజు. చేతులు తడిగా ఉన్నాయి. ఫోను మోగితే మోచేత్తో నొక్కి స్పీకర్లో పెట్టేడు. పక్కనే వీరవెంకటరమణ, ఇద్దరు కూలీలు టీ తాగుతున్నారు. రమణది కూడా ఆ పక్క చెరువే.

"బావగారూ, నాగసతీష్‌నండీ. లింక్డిన్‌లో అక్క కొత్త ప్రొఫైలు చూసేను. మీ అమ్మాయి యామిని భలే రాసిందండీ!"

"ఆ గొడవలు నాకేం తెలుస్తాయోయ్? ఎనిమిదితో బడి మానేసినోణ్ణి."

"అది కాదండీ. అప్పట్లో మీకొచ్చింది నడుం నెప్పి కాదా అయితే?"

"ఏంటీ?"

"ఇక్కడ రాసిందండీ. 'రొయ్యల చెరువు పోయి, మనసు కుంగి మంచం పట్టిన నా భర్తకు తోడుగా రెండేళ్లు ఉద్యోగం మానేశాను' అని. మా ఆఫీసులో వాళ్లు కూడా చదివేరు. పాపం అన్నారండీ."

గట్టు మీద టీ తాగే చప్పుడు ఆగిపోయింది. కూలీలు నీళ్లలోకి చూస్తున్నారు. రమణ మాత్రం బంగారరాజు మొహంలోకే చూస్తున్నాడు. బంగారరాజు ట్రే వదిలేసి, కాళ్లన్నా కడుక్కోకుండా బండెక్కేడు.

పన్నెండేళ్ల కిందటి సంగతి. తెల్లమచ్చ రోగం తగిలి, కోతకొచ్చిన పంటంతా చచ్చి నీళ్ల మీద తేలింది. ఇంటికొచ్చి పడుకున్న బంగారరాజు మరి లేవలేదు. ఏ డాక్టరూ పేరు చెప్పలేదు, ఎందుకంటే ఏ డాక్టరు దగ్గరికీ వెళ్లలేదు. ఊళ్లో అడిగినవాళ్లకి తల్లి సూరమ్మ ఒకటే మాట చెప్పింది, "మావాడికి నడుం పట్టేసిందండి" అని. లేచి తిరగడం మొదలెట్టేక ఆ మాట అతని మెడకి చుట్టుకుంది. లేని నెప్పికి చుట్టాలు తెచ్చిన నూనెలన్నీ రాయించుకున్నాడు. చొక్కా కింద బెల్టు బిగించుకుని తిరిగేడు. తీర్థం నాడు తన ఈడు మగాళ్లంతా దేవుడి ప్రభ మొయ్యడానికి భుజం పెడుతుంటే, "మీరొద్దండి రాజుగారూ, అసలే నడుం" అని చేతికి గొడుగిచ్చి పక్కన నిలబెట్టేవారు. ఆ అవమానం మింగేడు. పిచ్చోడనిపించుకోవడం కంటే నడుం విరిగినోడనిపించుకోవడమే నయమనుకున్నాడు.

అలా కాపాడుకున్న పరువు ఈవేళ సొంత పెళ్లాం ఊరందరి ముందూ ఆరబెట్టింది.

ఇంటికొచ్చేసరికి హాల్లో యామిని ల్యాప్‌టాప్ సర్దుతోంది. భార్య శ్రీదుర్గ మంచి చీర కట్టుకుని కుర్చీలో కూర్చుంది. రొయ్యలు కొని ఎగుమతి చేసే ప్లాంటులో ఆవిడ జనరల్ మేనేజరు. అది వదిలేసి, పంట పోయిన రైతు కుటుంబాలకి అండగా ఉండే సంస్థకి డైరెక్టరుగా వెళ్లాలని నెలల తరబడి ప్రయత్నం. ఆ ఇంటర్వ్యూ ఇంకాసేపట్లో కంప్యూటర్లోనే ఉంది.

"తీసెయ్," అన్నాడు బంగారరాజు గుమ్మంలోంచే.

"ఏంటి నాన్నగారూ?"

"నా గురించి రాసింది. ఇప్పుడే తీసెయ్."

శ్రీదుర్గ లేచి నిలబడింది. "ఎవరు చెప్పేరండీ?"

"నీ తమ్ముడు. స్పీకర్లో. గట్టు మీద కూలోళ్లంతా విన్నారు. నీ కుర్చీ ఎక్కడానికి నా మంచం మెట్టు చేసుకున్నావు!"

"అంత మాటనకండి. ఇన్నేళ్లూ ఆ రెండేళ్లు కూడా ప్లాంటులోనే ఉన్నట్టు రాసుకున్నాను, మీ కోసమే. ఇప్పుడు కొత్తవాళ్లు పాత కాగితాలన్నీ చూస్తారు. తేదీలు కలవకపోతే నేను దొంగలా నిలబడాలి."

"పురుడనో, పిల్ల చదువనో రాసుకోవలసింది. ఎవడొచ్చి చూస్తాడు?"

"అప్పుడు యామినికి పదేళ్లండీ. పురుడేంటి?"

యామినికి నవ్వొచ్చి ఆపుకుంది. అది చూసి బంగారరాజు ఇంకా మండిపడ్డాడు. "నవ్వమ్మా, నవ్వు! నీ చదువంతా కన్నతండ్రిని బజార్లో పెట్టడానికే పనికొచ్చింది."

"జొరం వచ్చిందని రాస్తే బజార్లో పెట్టినట్టా నాన్నగారూ? ఇది కూడా అంతే కదా?"

"అంతేనా? నీకు రేపు సంబంధాలు చూస్తే తెలుస్తుంది."

వంటింటి గుమ్మం దగ్గర సూరమ్మ తల పట్టుకుని కూర్చుంది. "ఒరే, నడుం నెప్పని చెప్పింది నేను. తిట్టాలనుంటే నన్ను తిట్టు. కోడల్నేం అనకు."

"నువ్వు దాచేవమ్మా. ఇది విప్పింది. తేడా లేదా?" భార్య వైపు తిరిగేడు. "నన్నో మాట అడిగేవా? ఆ మంచం మీద ఉన్నది నేను. నా బతుకది."

 శ్రీదుర్గ అంది, "అడిగితే వద్దంటారని అడగలేదు. అది నా తప్పేనండి. కానీ ఆ ఉద్యోగం ఎందుకు కావాలో కూడా ఒక్కసారి అడగండి. ప్లాంటులో రోగమొచ్చిన రొయ్యలని చెప్పి లోడు తిప్పి పంపించేది నేనే. వెనక్కి తిరిగిన ప్రతి రైతు మొహంలోనూ మీరే కనబడేవారు. సంతకం పెట్టి పంపేసేదాన్ని. ఇంక నా వల్ల కాదు."

"అయితే నా పరువు పోవాలా?"

శ్రీదుర్గ కూతురి వైపు తిరిగింది. "తీసెయ్యమ్మా. వాళ్లకి ఫోను చేసి, నేను రావట్లేదని చెప్పెయ్."

"అమ్మా!"

"అబద్ధం రాసి అక్కడికి వెళ్లను. నిజం రాస్తే ఇక్కడ ఉండలేను. ప్లాంటుకి టైమైంది, క్యారేజీ కట్టుకుంటాను."

వంటింట్లోకి వెళ్లి గిన్నెలు తీస్తోంది. గెలిచినోడికి సంతోషం ఉండాలి కదా.  వెయ్యి మాటలన్నా పడి ఉండే మనిషి, ఈవేళ ఒక్క మాటకే పక్కకి తప్పుకోవడం బంగారరాజు చూడలేకపోయాడు.

అప్పుడు వాకిట్లో దగ్గు వినిపించింది. రమణ, తువ్వాలు చేతిలో నలుపుకుంటూ నిలబడ్డాడు.

"ఏంటి రమణా?"

"ఏం లేదండి. ఇందాకటి ఫోను మాట... ఊరికే విన్నానండి."

"విన్నావు కదా. ఇంకేంటి, ఊరంతా చెప్పేసేవా?"

"అయ్యో, లేదండి. మా దుర్గేష్ గురించండి." రమణ తమ్ముడు. కాట్రేనికోన దగ్గర లీజుకి తీసుకున్న చెరువు ఈ పంటకి పోయింది. "దీపావళి నుంచీ మంచం దిగట్లేదండి. అన్నం పెడితే తింటాడు, లేకపోతే లేదు. మాట లేదు. ఊళ్లో అడిగితే..." రమణ తల దించుకున్నాడు. "మేమూ నడుం నెప్పనే చెబుతున్నామండి, ఆయ్. మీరు లేచేరు కదా, అదెలాగో మేడంగారినడుగుదామని."

బంగారరాజు గుమ్మం పట్టుకున్నాడు. దుర్గేష్‌కి తనే నూనె పంపించేడు కిందటి వారం, ఇంట్లో మిగిలిపోయిన సీసా. ఒక అబద్ధం ఇంకో అబద్ధానికి మందు పంపించింది. ఇంకెన్ని ఇళ్లల్లో ఎంతమంది నడుములు ఇలా పట్టేసేయో!

వంటింట్లోకి వెళ్లేడు. శ్రీదుర్గ క్యారేజీ మూత పెడుతోంది, కళ్లు తుడుచుకోకుండానే.

"అది కట్టకు," అన్నాడు. "యామినీ, ఫోను చేసేవా?"

"చెయ్యలేదు నాన్నగారూ. తీసెయ్యనూ లేదు."

"మంచి పని చేసేవు. ఉండనీ. మీ అమ్మని ఆ కంప్యూటరు ముందు కూర్చోబెట్టు."

శ్రీదుర్గ ఏదో అనబోయింది. అతను అడ్డుపడ్డాడు. "రమణ తమ్ముడి దగ్గరికి నేనే వెళ్తాను. నువ్వు నాతో ఏం మాట్లాడేదానివి మొదట్లో?"

"ఏం మాట్లాడేదాన్ని కాదండి. మీ పక్కన కూర్చుని కొబ్బరాకు చీరి ఈనెలు తీసుకునేదాన్ని. లెమ్మంటే మీకు భయం వేసేది."

ఆ చప్పుడు అతనికి గుర్తుంది. రెండేళ్లు ఆ చప్పుడు వింటూనే బతికేడు. దానివెనక ఉన్న మనిషిని మాత్రం ఇన్నాళ్లూ చూడలేదు. భార్య తల మీద చెయ్యి వేసేడు.  ఆవిడ ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది.

దుర్గేష్ వాళ్ల గదిలో కిటికీ మూసి ఉంది. గోడ వైపు తిరిగి పడుకున్నాడు కుర్రాడు. బంగారరాజు కింద చతికిలబడి, వచ్చేదారిలో తెచ్చుకున్న కొబ్బరాకుల్ని ఒళ్లో వేసుకుని ఈనెలు తియ్యడం మొదలెట్టేడు. చేతకాక రెండు విరగ్గొట్టేడు. పక్కన ఈనెల కట్ట పెరిగింది.

చివరికి బంగారరాజే, తల ఎత్తకుండా, అన్నాడు. "గోడ మీద బల్లి వస్తోందా? నాకు రోజూ వచ్చేదిరా. అది రాకపోతే దిగులేసేది."

వీపు కదిలింది. చాలాసేపటికి గొంతు వచ్చింది, తుప్పుపట్టిన గొలుసులా.

"రెండొస్తున్నాయండి."