లావణ్య తినని ప్రసాదం

"నూనె మార్చారా అండి?" అని అడిగాడు హరిబాబు.

బజ్జీల బండి పాపాయి మూకుట్లోంచి కళ్లెత్తలేదు. "పాతది విమానానికెళ్లిపోయిందండి" అంది.

అది ఆ వారం కోడ్‌వర్డ్. ఆమె చేతికిచ్చిన పొట్లంలో బజ్జీల అడుగున ఒక తాళంచెవి ఉంది. దాంతో రాజమండ్రిలో ఓ కొబ్బరిపీచు ఎగుమతి కంపెనీ వెనక తలుపు తెరుచుకుంటుంది. ఆ కంపెనీ నుంచి ఇంతవరకూ పిడికెడు పీచు ఎగుమతి కాలేదు. మేడమీద చీఫ్ రాజరత్నం గారు కూర్చుంటారు. ఆపరేషన్లకు కూరగాయల పేర్లు పెట్టడం ఆయనకో సరదా. ఈసారిది ఆపరేషన్ పొట్లకాయ.

బ్రీఫింగ్ ఐదు నిమిషాల్లో అయిపోయింది. సత్యవాణి గారనే కెమికల్ ఇంజనీరు పదకొండేళ్లు కష్టపడి, హోటళ్లలో, బళ్ల మీద వాడి పారబోసే నూనె నుంచి విమానానికి పనికొచ్చే ఇంధనం తీశారు. బజ్జీల నూనెతో విమానం ఎగరేస్తుందట అని పెద్దపెద్దవాళ్లే పొట్టచెక్కలయ్యేలా నవ్వారు. ఆవిడ ఆ నవ్వులు విన్నారు, మళ్లీ ల్యాబ్‌లోకి వెళ్లారు. ఇప్పుడు పంతొమ్మిది సీట్ల విమానం ఒకటి పూర్తిగా ఆ ఇంధనం మీదే శనివారం పొద్దున మధురపూడి ఎయిర్‌పోర్టు నుంచి సముద్రం దాకా వెళ్లి రాబోతోంది. ఆవిడా అందులోనే కూర్చుంటారు.

దాన్ని కూల్చాలని, పెట్రోలు వ్యాపారుల కోసం పనిచేసే గ్రే హెరన్ అనే విదేశీ ముఠా కాసుక్కూర్చుంది. కూలితే ఆ మహాతల్లి పోతుంది, ఆవిడతోపాటు ఆ ఇంధనం పేరెత్తే ధైర్యం కూడా ఓ ఇరవయ్యేళ్లు పోతుంది.

"ముఠా మనిషి ప్రసన్నకుమార్. ఇంధనంలో కలిపే యాడిటివ్స్ సరఫరా చేసే కంపెనీ రిప్రజెంటేటివ్‌గా వచ్చాడు" అన్నారు చీఫ్. "పక్కన పీఆర్ డైరెక్టర్ ఉంటుంది. నువ్వు కళ్లు ఆమె మీంచి తీయకు. ఏం చేసినా నాకు చెప్పు."

టేబుల్ మీద ఫోటో ఇటు తిప్పారు. హరిబాబు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. ఫోటోలో ఉన్నది లావణ్య, అతని భార్య.

కాపురం చేసింది పద్నాలుగు నెలలు. ఇద్దరూ ఈ డిపార్ట్‌మెంట్‌లోనే ఉండేవాళ్లు. ఒక మిషన్ గెలిచి వచ్చిన పూట హరిబాబుకు పట్టపగ్గాలు ఉండేవి కావు. ఇల్లంతా సందడి చేసేవాడు. తెల్లారేసరికి మొహం మాడిపోయేది, ఫోన్ ఎప్పుడు మోగుతుందా అని దాని చుట్టూ తిరిగేవాడు. ఓ రోజు అన్నం వడ్డిస్తూ ఆమె అంది. "మీకు సంతోషం వచ్చి వెళ్తే చాలండి. నాకలా కాదు, తృప్తిగా ఉండాలి. ఈ పొగలకి భూమి వేడెక్కి మా ఊరికి ఏడాదికేడాది సముద్రం దగ్గరికొచ్చేస్తోంది. దానికి అడ్డుపడే పని ఏదైనా చేస్తే నాకు నిద్రపడుతుంది." ఆ మాట పూర్తయ్యేలోపే ఫోన్ మోగింది, అతను ఎంగిలి చేత్తోనే లేచిపోయాడు.

తర్వాత నాలుగు నెలలకు ఆమె ఉద్యోగానికి, అతనికి కలిపి రాజీనామా ఇచ్చేసింది. గ్రే హెరన్‌కు అమ్ముడుపోయిందని ఆఫీసులో గుసగుసలు లేచాయి. మూడేళ్లుగా హరిబాబు ఆమెను తిట్టుకోని రోజు లేదు, తలుచుకోని రోజూ లేదు.

శనివారం హ్యాంగర్‌లో విమానం పక్కనే సత్యనారాయణ వ్రతం. కొత్త స్కూటరు కొన్నా వ్రతం చేయించే మనుషులు, విమానానికి మానేస్తారా? హరిబాబు విగ్గు, దొంగమీసం పెట్టుకుని ఫోటోగ్రాఫర్ వేషంలో తిరుగుతున్నాడు. కళ్లజోడు కాడలో మైకు, స్పీకరు ఉన్నాయి. ఇంధనాన్ని మూడు ల్యాబుల్లో పరీక్షించారనీ, మచ్చ లేదనీ చీఫ్ అందులో చెబుతున్నారు.

లావణ్య పాలపిట్ట రంగు పట్టుచీరలో వచ్చింది. చెవులకు రవ్వల దుద్దులు, తలమీద నల్లకళ్లద్దాలు, అడుగు దూరంలో ప్రసన్నకుమార్. టీవీవాళ్లు విమానాన్ని వదిలేసి ఆమెను తీశారు. కథ జరుగుతున్నంతసేపూ ఆమె ఒక్కసారే తలెత్తింది. గోడకానుకుని, కూర్చోమన్నా కూర్చోకుండా నిలబడ్డ ఫోటోగ్రాఫర్‌ని చూసి మళ్లీ తల దించుకుంది. విగ్గూ మీసమూ ఎవరిని మోసం చేశాయోగానీ ఆమెను మాత్రం కాదని హరిబాబుకు అర్థమైంది.

హారతి అయింది. సత్యవాణి గారు స్వయంగా అందరికీ ప్రసాదం పంచారు. గోధుమరవ్వ ప్రసాదం, అడ్డాకులో చిన్న పొట్లం. ప్రసన్నకుమార్ వేళ్లు నాక్కుంటూ తిన్నాడు. లావణ్య మాత్రం పొట్లం విప్పకుండా కళ్లకద్దుకుని, విమానం మెట్ల పక్కనున్న స్టూలు మీద పెట్టేసి వెనక్కి తిరిగింది.

"అదేంటమ్మా, ప్రసాదం వదిలేసి వెళ్తున్నావు?" అన్నారు సత్యవాణి గారు, నొచ్చుకుంటూ.

"విమానం వెళ్లొచ్చాక తింటానండి" అంది లావణ్య. ఆ మాట ఆవిడతో అంటూ చూపు మాత్రం ఫోటోగ్రాఫర్ మీద నిలిపింది. తర్వాత ప్రసన్నకుమార్ వెంట కారు వైపు నడిచింది.

పొగరు చూడు అనుకున్నాడు హరిబాబు. మరుక్షణం అన్నవరం మెట్లు గుర్తొచ్చాయి. వాళ్ల పెళ్లి ఆ కొండ మీదే. వ్రతం కాగానే ఫోన్ మోగితే అతను మెట్లు దిగిపోయాడు. పెళ్లికూతురు పసుపు కాళ్లతో ప్రసాదం పట్టుకుని వెనకాలే పరుగెత్తుకొచ్చింది. "తినకుండా పోతే ఓడ మునుగుతుందండీ, కథ వినలేదా?" అంటూ నోట్లో పెట్టింది. వ్రతకథలో మొగుడి ఓడ రేవుకొచ్చిందని ప్రసాదం వదిలేసి పరుగెత్తుతుంది ఓ అమ్మాయి. ఆమె చేరేసరికి ఓడ మునిగిపోయి ఉంటుంది. కార్తీక పౌర్ణమికి తప్పకుండా వ్రతం చేసే మొగల్తూరు మహాలక్ష్మమ్మ కూతురు, మతిమరుపున కూడా ఆ పని చేయదు.

ఓడ మునగబోతోందని చెప్పింది. అంతమంది ముందు, వాడి పక్కనే నిలబడి చెప్పింది.

విమానం అప్పటికే హ్యాంగర్ దాటి రన్‌వే మొదలుకు చేరుకుంటోంది. హరిబాబు స్టూలు మీది పొట్లం తీసి జేబులో వేసుకుని, బయటున్న జీపులోకి ఎక్కాడు. "సార్, ఫ్లైట్ ఆపించండి."

"ఆధారం?"

"లావణ్య ప్రసాదం తినలేదండి."

చీఫ్ తిడతారనుకున్నాడు. ఆయన గొంతు వణికింది. "ఆపు హరీ. టవర్‌కి ఢిల్లీ నుంచి చెప్పించాలంటే పది నిమిషాలు పడుతుంది, అంత టైం లేదు. నువ్వే ఆపు."

ప్రసాదం మాట ఒక్కటి వినగానే ఆయన నమ్మేశారు. ఆ వణుకుతో హరిబాబుకు మొత్తం తెలిసిపోయింది. ఆమె మనమనిషి. మూడేళ్లుగా మనమనిషే.

ఎడంచేతి వైపు నల్లకారు గేటు దాటుతోంది. వెనక అద్దంలోంచి పాలపిట్ట రంగు చెంగు కనిపించింది. గేటు బయట మనవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు. లేరన్నారు చీఫ్. ఉన్నది ఒక జీపు, ఒక మనిషి. ప్రసాదం సంగతి ప్రసన్నకుమార్‌కు ఇప్పుడు తెలియకపోయినా, విమానం ఆగిన క్షణాన తెలుస్తుంది. ఆపితే ఆమె బతకదు, ఆపకపోతే ఆమె చేసినదంతా బూడిదే. తనను చూసి ఆమె ఏం కోరిందో అతనికి తెలుసు. దేవుడా అనుకుని స్టీరింగ్ కుడికి తిప్పాడు.

విమానం పరుగందుకుంది. జీపు గడ్డిలోంచి ఎగిరి రన్‌వే నడిమధ్య అడ్డంగా ఆగింది. హరిబాబు దిగి చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు. బ్రేకులు కీచుమన్నాయి, టైర్లు కమురు కంపు కొట్టాయి. విమానం ముక్కు అతనికి పది బారల దూరంలో ఆగింది.

రెక్కల ట్యాంకులోంచి సీసాడు ఇంధనం తీసి క్యాంటీన్ ఐస్‌క్రీమ్ పెట్టెలో పెట్టారు. అరగంటకు చలికాలంలో కొబ్బరినూనెలా గడ్డకట్టింది. పరీక్షలన్నీ అయ్యాక, పొద్దున నింపేటప్పుడు ప్రసన్నకుమార్ ఏదో కలిపేశాడు. నేల మీద మామూలుగా ఉండి, పైకెళ్లి చలి తగలగానే ఇంజన్ల గొంతు నొక్కేదది. ఆ సీసా చూసి సత్యవాణి గారు కుర్చీలో కూలబడ్డారు.

టోల్‌గేట్ దగ్గర ప్రసన్నకుమార్ దొరికాడు. కారు మాత్రం గోదావరి గట్టు పక్కన దొరికింది. లావణ్య వెనకసీట్లో సీటుబెల్టు పెట్టుకుని, కళ్లు మూసుకుని ఉంది. దుద్దుల్లో ముఠావాళ్ల మైకులున్నాయని, ఆ వారమంతా ఫోన్ కూడా వాళ్ల దగ్గరే ఉందని, అందుకే నోటితో చెప్పలేకపోయిందని చీఫ్ వివరించారు. నాకెందుకు దాచారని హరిబాబు అడగలేదు. ఆయనే చెప్పారు, ఆమె వద్దందట. తెలిస్తే ఆయన నా కోసం వస్తారండీ, పని చెడుతుంది అందట. హరిబాబు అక్కడే నేలమీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

మూడో రోజు మొగల్తూరు వెళ్లాడు. రోడ్డు ప్రమాదమని చెప్పమని పైనుంచి ఆర్డరు. మహాలక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. అతను ప్రమాదమనే చెప్పాడు. ఆమె విన్నది, నమ్మలేదు, గుచ్చి అడగనూ లేదు.

"సంతోషంగా ఉన్నావా అని దాన్నెప్పుడూ అడిగేదాన్ని కాదు బాబూ" అంది. "సంతోషం దేవుంది, ఓ పూట వలలో పడుద్ది, ఓ పూట పడదు. తృప్తిగా ఉన్నావా తల్లీ అనడిగేదాన్ని. మీ దగ్గరున్నన్నాళ్లూ మాట మార్చేసేది. పోయిన్నెల మాత్రం ఉన్నానమ్మా అంది."

హరిబాబు జేబులోంచి పొట్లం తీశాడు. అడ్డాకు ఎండి చిట్లింది, రవ్వ గట్టిపడింది. "తనదండి. మైలలో తినకూడదు, ఏం చేయాలో తెలీక తెచ్చాను."

ఆమె పొట్లాన్ని రెండు చేతులా అందుకుని గుండెకు హత్తుకుంది. తర్వాత రెండు భాగాలు చేసింది. "మైల రాకముందు దాని చేతికిచ్చిందిది. దాని వంతు మనం తినకపోతే ఇంకెవరు తింటారు? తినండి బాబూ."

అప్పుడు పైన ఇంజన్ల చప్పుడు వినిపించింది. కొత్తగా నింపిన ఇంధనంతో సత్యవాణి గారి విమానం సముద్రం వైపు వెళ్తోంది. ఇంకో రోజు కూడా ఆగనన్నారట ఆవిడ. మహాలక్ష్మమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అది చుక్కయ్యేదాకా చూసింది. "ఇది నూనెతో పోతోందంటకదా, నిజమేనా?" అని అడిగింది. "నిజమేనండి, మీ అమ్మాయి చూసి మరీ పంపించింది" అన్నాడు హరిబాబు. అంతకుమించి చెప్పే హక్కు అతనికి లేదు.

విమానం తిరిగొచ్చింది. ఇంటి మీదుగా రాజమండ్రి వైపు దాటిపోయింది. అప్పుడు అతను ప్రసాదం నోట్లో పెట్టుకున్నాడు. జేబులో ఫోన్ మోగింది. చీఫ్. ఈసారి ఆపరేషన్ బీరకాయో, దోసకాయో.

హరిబాబు రవ్వ పలుకు పలుకూ నములుతూ కూర్చున్నాడు. పద్దెనిమిదేళ్ల సర్వీసులో ఆ ఏజెంటుకు మిస్డ్ కాల్ పడటం అదే మొదటిసారి.