చప్పుడు లేని వీధి

నోరీన్ హేస్టీ డిటెక్టివ్ ఆఫీసు తలుపు తోసుకుని వచ్చింది. డెల్బర్ట్ కుర్చీ జరిపి కాఫీ అందించాడు. ఒకప్పుడు అదే వీధిలో ఇనుప సామాన్ల కొట్టు నడిపినవాడు. గడప దాటిన మనిషి అవసరం ఎంత బరువో ముఖం చూసి తూచే అలవాటు అతనికి ఇంకా పోలేదు. కొట్టు మూతపడ్డాక ఎర్లీన్ వోజ్నిక్ దగ్గర సహాయకుడిగా చేరాడు. ఎర్లీన్ పోలీసు ఉద్యోగం వదిలేసి సొంతంగా కేసులు పట్టే డిటెక్టివ్. ఆమె పక్కన కూర్చునే చోటు దొరకడమే తన బతుకులో కుదిరిన మంచి బేరమని డెల్బర్ట్ లెక్క.

“మా తమ్ముడు క్లియన్ పోలీసు మీద చెయ్యెత్తాడట మేడమ్. వాడు స్కూలు బస్సు నడుపుతాడు. కేసు రుజువైతే ఇక వాణ్ని బస్సు ముట్టనివ్వరు,” అంది నోరీన్.

మూతపడిన తండ్రి బేకరీలో రొట్టె అచ్చులు తెచ్చుకుందామని సాయంత్రం క్లియన్ తాళం తీస్తుంటే, ఎవరో దొంగ అనుకుని పోలీసులకు ఫోన్ చేశారు. ఆఫీసర్ ఓస్టర్ వచ్చాడు. ఇది మా నాన్న కొట్టని అరిచి చెప్పానంటాడు క్లియన్. ఓస్టర్ రిపోర్టులో మాత్రం ఇలా ఉంది: ‘వీధి నిశ్శబ్దంగా ఉంది. అతను ఒక్క మాటా మాట్లాడకుండా చెయ్యెత్తి నా మీదికి వచ్చాడు.’

“మీ దాల్చినచెక్క రొట్టెల వాసన మా కొట్టు దాకా వచ్చేది,” అన్నాడు డెల్బర్ట్. “మేకుల కోసం వచ్చినవాళ్లు కూడా ముందు అటే పోయేవాళ్లు.”

“అయితే మీ కొట్టు ముంచింది మేమేనన్నమాట!” నోరీన్ మొదటిసారి నవ్వింది.

ఆమె వెళ్లాక, ఓస్టర్ చొక్కాకు తగిలించిన కెమెరా తీసిన వీడియో వేశారు. మొదట బొమ్మలే కదిలాయి. హఠాత్తుగా “కింద పడుకో!” అన్న అరుపుతో శబ్దం మొదలైంది.

“సౌండు పెంచనా?” అడిగాడు డెల్బర్ట్.

“పెంచినా రాదు. మళ్లీ మొదటినుంచి వెయ్యి. క్లియన్‌ని కాదు, పక్కింటి అరుగు చూడు.”

అరుగు మీద గొలుసు తెంచుకునేలా లాగుతూ ఒక పెద్ద గోధుమరంగు కుక్క నోరు తెరుస్తోంది, మూస్తోంది.

ఎర్లీన్ కళ్లద్దాలు తీసింది. “మా రోజుల్లో హోటలు బల్ల మీద రిపోర్టు రాసేవాళ్లం. నేను తప్పు చెబితే మా జోడీదారు కసిరేవాడు. సగం మరిచిపోయేవాళ్లం అనుకో. రాసిన సగం మాత్రం మా చెవిన పడిందే.”

“ఇప్పుడో?”

“ఇప్పుడు ముందు ఈ సినిమా చూసి, తర్వాత రాస్తారు.”

ఆ వారమే ఎర్లీన్ ప్రాసిక్యూటర్ లాంగ్‌ఫోర్డ్ గదిలో ఓస్టర్‌ని, క్లియన్‌ని, అందరినీ కూర్చోబెట్టింది.

“ఆఫీసర్, రాసేముందు వీడియో చూశారా?”

“అందరం చూస్తాం. రూలు ఒప్పుకుంటుంది,” అన్నాడు ఓస్టర్.

“వీధి నిశ్శబ్దంగా ఉందా?”

“ఉంది కాబట్టే రాశాను.”

డెల్బర్ట్ బొమ్మ ఆపాడు.

“మరి ఈ కుక్క ఏం చేస్తోంది? ఆవులిస్తోందా?” అంది ఎర్లీన్.

ఓస్టర్ తెర మీదికి వంగాడు.

“మీరు మీట నొక్కకముందు గడిచిన అరనిమిషం బొమ్మను కూడా ఈ కెమెరా దాచుకుంటుంది, శబ్దాన్ని దాచుకోదు. మీరు మూగబొమ్మ చూసి మూగవీధి రాశారు. దాంతోపాటు క్లియన్‌నీ మూగవాణ్ని చేశారు. కావాలని అబద్ధం రాశారని నేననను.”

సొంత సరుకు మూలన పడేసి పక్కవాడి సరుకు అమ్ముకున్నాడు కుర్రాడు, అనుకున్నాడు డెల్బర్ట్.

“అతను నిజంగానే మాట్లాడలేదేమో. శబ్దమే లేనప్పుడు ఏం తేలుతుంది?” అంది లాంగ్‌ఫోర్డ్.

“అందుకే కెమెరాని అడగడం లేదు. తెర ఆపెయ్యి, డెల్బర్ట్. కళ్లు మూసుకోండి ఆఫీసర్. కారు దిగారు. ముందేం వినబడింది?”

ఓస్టర్ విసుగ్గా కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి దవడ సడలింది.

“కుక్క... గొలుసు గీరుకుంటోంది. చిన్నప్పుడు నన్నొకటి కరిచింది, అందుకని అటే చూస్తున్నాను. అతను చెయ్యెత్తింది... కుక్క మీదికి. ఊరుకోమని. ‘మా నాన్న కొట్టు’ అన్నాడు. తర్వాత... ‘భయపడకండి సార్, అది కరవదు’ అన్నాడు.”

క్లియన్ ఉలిక్కిపడ్డాడు. ఆ చివరి మాట అక్కకు కూడా చెప్పలేదు.

లాంగ్‌ఫోర్డ్ కాగితాలు మూసేసింది. “కేసు వెనక్కి తీసుకుంటున్నాను.”

“నాకు ధైర్యం చెప్పిన మనిషిని నేల మీద పడేశాను,” అన్నాడు ఓస్టర్. క్లియన్ వైపు తిరిగాడు. “క్షమించండి.”

క్లియన్ టోపీ తిప్పుకుంటూ అన్నాడు: “నిజానికి అది కరుస్తుంది సార్. మీ చెయ్యి తుపాకీ మీదికి పోయింది. అందుకని అలా అన్నాను.”