కంచె ఇవతల

ఉపొలు దీవి మొత్తంలో దెయ్యమంటే లెక్కలేని మగాణ్ణి నేనొక్కణ్ణే. పగటిపూట. అదీ అమ్మ కేక వినబడేంత దూరంలో ఉంటే.

ఆ శనివారం సాయంత్రం అమ్మ దగ్గర్లోనే ఉంది. వంటపాకలోంచి కొబ్బరిపాల వాసన వస్తోంది. వెనక గదిలో నేనూ, నాతో ఒకే చాప మీద పడుకుని పెరిగిన స్నేహితుడు లెమెకీ, మా పాత కంప్యూటరూ. తెల్లారితే పిల్లల ఆదివారం. ఊరి పిల్లల కీర్తనలన్నీ ఆ కంప్యూటర్లోనే రికార్డు చేశాను. రేపు చర్చిలో అవి మోగకపోతే మా ఇంటి పరువు పోయినట్టే.

పాట సగంలోకి రాగానే అది బిగుసుకుపోతోంది. పరీక్ష పెట్టి చూస్తే మెమరీలో ఒకచోట లోపం. అక్కడ రాసేదొకటి, తిరిగి చదివితే వచ్చేది ఇంకొకటి.

"కొత్త మెమరీ అని ఒట్టేసి ఇచ్చావు కదరా?"

"కొత్తదేరా బాబూ! మా అమ్మ మీద ఒట్టు. నీ చేతి మహిమ అది."

వేరేది కావాలంటే ఓడ రావాలి. అందుకని సిస్టమ్ మొదలయ్యేచోటే ఒక మాట రాసి పెట్టాను: ఫలానా చోటు నీది కాదు, అడుగు పెట్టకు. వాకిట్లో ఉన్న తాత సమాధిని తొక్కకుండా మేమంతా చుట్టూ తిరిగి నడుస్తాం కదా, అలాగన్నమాట. కంచె.

పాట మొదలైంది. సగం దాటింది. ఆగలేదు!

"ఇప్పుడు చెప్పరా, చేతి మహిమ గురించి," అన్నాను.

అప్పుడే శంఖం ఊదారు. మేము 'సా' అనే ప్రార్థన వేళ అది. మళ్లీ శంఖం మోగేదాకా ఊరంతా ఇళ్లలో కూర్చోవాలి, అరిచినవాడికి పెద్దలు జరిమానా వేస్తారు. ముందు గదిలో అమ్మ చేసే ప్రార్థనకు మేము వెళ్లలేదు. పాటలు సన్నగా పెట్టుకుని కూర్చున్నాం.

గాలి ఆగింది. కోళ్లు కూడా నోరెత్తలేదు. ఎక్కణ్ణుంచో నాచు వాసన... పిల్లల గొంతుల కింద ఇంకో గొంతు. బొంగురుగా.

"లెమెకీ... నా చోటెందుకు మూశారు?"

వీడి వేషాలే అనుకుని నవ్వాను. లెమెకీ నవ్వలేదు.

"అన్నయ్య..." అని గొణిగాడు.

వాళ్లన్న పేరు మాలో. పగడపు దిబ్బల దగ్గర మునిగిపోయినవాడు. దొరకనేలేదు.

"అది కొత్తది కాదురా. అన్నయ్య కంప్యూటర్లోంచి పీకాను. అమ్మ వద్దంది."

"మరి ఒట్టు?"

చటుక్కున లేచి బయటికి దూకాడు. తలుపు మూసుకుంది. బయట గడియ పడింది.

"ఒరేయ్... తియ్యరా..."

"నువ్వు లోపలుంటే అన్నయ్య నా వెనక రాడు. ఏమనుకోకురా."

అడుగులు దూరమయ్యాయి.

అరవాలి. ప్రాణం మీదికొచ్చిన వేళ కూడా నాకు జరిమానాయే గుర్తొచ్చింది. తెర ఆరిపోయింది. దానంతటదే వెలిగింది. ఎవరూ పెట్టకుండానే మెమరీ పరీక్ష నడుస్తోంది. కంచె వేసిన చోట... ఏ లోపమూ లేదు. లోపం ఇవతలికి వచ్చేసింది. ఇంకో వరస. ఇంకో వరస...

శంఖం మళ్లీ మోగింది. అమ్మ గడియ తీసింది.

మర్నాడు చర్చిలో కీర్తనలు ఆగకుండా మోగాయి. "ఆ బొంగురు గొంతు ఎవరి పిల్లాడిదయ్యా?" అని అడిగారు పాస్టరుగారు. దూరంగా వేరే బల్ల మీద కూర్చున్న లెమెకీ తల ఎత్తలేదు. ఇంతవరకూ నాతో మాట్లాడలేదు. నేనూ పిలవలేదు.

ఇంకొకటుంది. నా నడుముకున్న లావలావా పంచె ఎందుకు తడిసిందని అమ్మ అడిగితే, చెంబు ఒలికిందన్నాను. చెంబు కాదు. నేనే. ఇరవయ్యేళ్ల వీరుణ్ణి.

కీబోర్డు తడిపింది మాత్రం నేను కాదు. బోర్లించి దులిపితే ఉప్పునీళ్లు కారాయి... వాటి వెనకే ఇసక.