వడ్డేపల్లి సూది

కొత్తకోటలో ఓ ధాబా వెనుక, పాత లారీ టైర్ల చాటున ఏజెంట్ సాంసన్ గొంతు తెగి పడి ఉన్నాడు. చచ్చే ముందు చీఫ్ రాజశేఖర్‌కు ఒక్క మెసేజ్ పంపగలిగాడు. వడ్డేపల్లి, పది గంటలు, నడుంనొప్పి క్యాంప్.

ఏజెంట్ ఎస్తేరుకు చీఫ్ ఫోన్ వచ్చేసరికి తొమ్మిదిన్నర. వడ్డేపల్లిలో ఓ సీడ్ కంపెనీ ల్యాబ్‌లో గాజుసామాను కడిగే మనిషిగా ఆమె వేషం కట్టి ఆర్నెల్లయింది.

"పత్తికి నీళ్లు పెట్టినవా?" కోడ్ మాట.

"పెట్టిన సార్. కాలువ నిండింది."

"సాంసన్ పోయిండు. మనోళ్లు వచ్చేసరికి పదిన్నర అయితది. అందాక నువ్వొక్కదానివే."

ఎస్తేరు ఫోన్ పెట్టేసి, గాజుసామాను మోసే స్టీలు ట్రే అందుకుంది. ఏడవడానికి తీరిక లేదు. విదేశీ ముఠా ఆ ల్యాబ్‌లో పెంచుతున్నవి ఎముకను కరిగించి తినే కణాలు. ఒంట్లోకి ఎక్కిస్తే నిలువెత్తు మనిషి కుప్పకూలాల్సిందే. ముఠా నాయకుడు డాక్టర్ మార్టిన్ తొలి ప్రయోగం, నడుంనొప్పి సూది పేరుతో, పత్తి పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ కూలీల మీద. ఆ క్యూలో మొదట నిలబడింది ఎస్తేరు తల్లి సత్తెమ్మ.

వారం కిందట ఎస్తేరు ఓ దొంగపని చేసింది. నాలుగు గాజు డిష్‌ల కణాలను ఒక్కో డిష్‌లో కుక్కింది. తగినంత ఎడముంటేనే అవి ఒకదాంట్లో ఒకటి కలిసి ఎముక తినే రాక్షసులవుతాయి. కిక్కిరిస్తే తిండి చాలక, అవి పెరిగే పోషక ద్రవం పులిసి, చిన్నవిగానే చస్తాయి. ఒత్తుగా వేస్తే పత్తి కాయ పట్టదని పాలమూరు పిల్లకు ఒకరు చెప్పాలా? కాని పాచిక పారిందో లేదో చూడటానికి తల్లి ఒంటిని పణంగా పెట్టలేం కదా.

తలుపు దగ్గర రజిత అడ్డం వచ్చింది. గద్వాల పట్టుచీర, నల్లకళ్లద్దాలు, సైలెన్సర్ పిస్టల్. నిన్నటిదాకా సాంసన్ జోడీ ఏజెంట్ ఆమే.

"గొంతు కోసేదాక సాంసన్ గూడ నన్ను గిట్లనే నమ్మి చూసిండు."

ఎస్తేరు స్టీలు ట్రేతో ఆమె మోచేతిని విరగ్గొట్టింది. పిస్టల్ పేలి గుండు పైకప్పులోకి పోయింది. రెండో దెబ్బకు రజిత దవడ పగిలి నేలకూలింది. పిస్టల్ లాక్కుని ఎస్తేరు ల్యాబ్ పక్కనే ఉన్న క్యాంప్‌లోకి పరుగెత్తింది.

సత్తెమ్మ రవిక చేయి పైకి లాక్కుని కూర్చుంది. సూది మొన చర్మాన్ని తాకింది. ఎస్తేరు కాల్చింది. మార్టిన్ మణికట్టు ముక్కలైంది. సిరంజి సత్తెమ్మ ఒళ్లో పడింది.

"గట్ల గాలుస్తరానే? నా నడుంకు ఇప్పుడు సూది ఎవలిస్తరు?" అంది సత్తెమ్మ.

ఎస్తేరు తల్లిని వాటేసుకుని అప్పుడు ఏడ్చింది.

సిరంజిలో ఎముక తినే కణం ఒక్కటి కూడా లేదని, ఉన్నవన్నీ కిక్కిరిసి చచ్చిన చిన్న కణాలేనని మర్నాడు రిపోర్ట్ వచ్చింది. ఆ సాయంత్రం దవాఖానలో, బేడీలతో పడున్న మార్టిన్‌ను ఎస్తేరు పలకరించింది.

"మీ ఎముక సక్కగ అతకాలన్నా ముందు గా ఎముక తినే కణాలే విరిగిన ముక్కలు తినాల్నంట. జర ఎడంగ పండుకోండ్రి సారు. ఇరుకైతే అవి పుట్టవు."