ఓడనివాడి గ్లవ్స్

“ఓడిపోనివాడు గొప్పవాడెలా అవుతాడండీ? ఓడితే ఏం చేస్తాడో ఇంకా ఎవరికీ తెలీదుగా!”

రెబ్కా ఆ మాట అన్నది మాలిక్‌ని చూసి కాదు, వాకిట్లో పీట మీద కూర్చుని చేపలు తోముతూ. అయినా దెబ్బ సూటిగా వెళ్ళి మాలిక్‌కే తగిలింది. నాలుగు ఆదివారాలుగా కొత్తపట్నంలోని ఆ ఇంటికి వస్తున్నాడు. ఆ పిల్ల అతనితో మాట్లాడటం అదే మొదలు. మాట్లాడక మాట్లాడక ఇదా మాట్లాడేది!

మంచం మీద కూర్చున్న ఆమె అన్న ఇమ్మానుయేలు గయ్యిమన్నాడు. “నువ్వూరుకోవే! డార్నెల్ నలభై ఒక్క బాక్సింగ్ ఫైట్లు ఆడాడు. నలభై ఒకటీ గెలిచాడు. ఆల్ టైమ్ గ్రేట్ కాకపోతే వాడింకేంటి?”

“ఎవరితో ఆడాడో అది కూడా చెప్పు. సగంమంది వయసైపోయినవాళ్ళు, మిగతా సగం పేరులేనివాళ్ళు. అలీ ఐదుసార్లు ఓడాడన్నయ్యా. తనని ఓడించినవాళ్ళలో ముగ్గుర్ని మళ్ళీ రింగులోకి పిలిచి మరీ గెలిచాడు. అందుకే నాన్నక్కూడా ఆయన పేరు తెలుసు. నీ డార్నెల్ పేరు ఈ వీధి చివరిదాకా కూడా పోదు.”

అప్పుడు తలెత్తింది. “మీరేమంటారు, ఛాంపియన్ గారూ?”

మాలిక్ కూడా ఓడనివాడే. పన్నెండు ఆడి పన్నెండూ గెలిచాడు. ఆ పన్నెండోది ఇమ్మానుయేలు మీద.

మార్చి నెలలో ఒంగోలులో జిల్లా బాక్సింగ్ సెలక్షన్ ఫైనల్. ఇద్దరివీ పదకొండేసి ఫైట్లు, పదకొండేసి గెలుపులు. రెండో రౌండులో ఇమ్మానుయేలు ఉన్నట్టుండి చేతులు దించేశాడు. మాలిక్ వరసగా నాలుగు పంచ్‌లు ఇచ్చాడు. నాలుగోది ఎడమ కంటి మీద పడింది. రెండు ఆపరేషన్లు చేశారు, చూపు రాలేదు. ఒంటికన్నుతో దూరం సరిగ్గా అందక ఇమ్మానుయేలు పడవ ఎక్కడం మానేశాడు. ఇప్పుడు ఇంటి దగ్గరే వలలు బాగుచేస్తున్నాడు.

ఆటలో తగిలిన దెబ్బ, తప్పు ఎవరిదీ కాదని అందరూ అన్నారు. మాలిక్ కూడా అదే అనుకోవాలని చూశాడు. కుదరలేదు. ఎండలు తగ్గి వానలు మొదలయ్యాక ఒక ఆదివారం దర్శి దగ్గర తన ఊరి నుంచి రెండు బస్సులు మారి వచ్చి, ఈ గుమ్మం ముందు నిలబడ్డాడు. తంతారేమో అనుకున్నాడు. ఇమ్మానుయేలు మాత్రం “రారా, ఫైట్ చూద్దాం” అని ఫోన్ తీశాడు. అప్పట్నుంచి ప్రతి ఆదివారం ఇదే వరస. ఫోన్లో డార్నెల్ పాత ఫైట్లు, ఆ మీదట వాదన.

మొదట్లో వచ్చింది తప్పు చేశానన్న బాధతోనే. ఐదో ఆదివారం నుంచి మాత్రం రెబ్కా కోసం కూడా వచ్చాడు. ఆ సంగతి బస్సు కండక్టరుకి తప్ప అందరికీ తెలిసిపోయింది.

రెబ్కా ఒంగోలులో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తుంది. ఆదివారం చర్చి నుంచి రాగానే వంట, వంటతో పాటు పోట్లాట.

“మీకు ఒకసారి బ్లడ్ టెస్ట్ చెయ్యాలండీ,” అందొకరోజు టీ గ్లాసు ఇస్తూ.

“ఎందుకు?”

“నేను ఎన్ని మాటలన్నా కోపం రావట్లేదు. రక్తంలో ఏదో తక్కువుంది.”

“తక్కువ కాదు, ఎక్కువైంది.”

“ఏంటది?”

“రిపోర్ట్ నువ్వే ఇవ్వాలి.”

వాన జోరుగా పడుతోంది. ఆమె నవ్వాపుకోడానికి వాన వైపు చూసింది. మాలిక్ వానని చూడలేదు.

ఆమె లోపలికి వెళ్ళాక ఇమ్మానుయేలు గొంతు తగ్గించాడు. “ఒరేయ్, డార్నెల్ గొప్పోడేరా. ఓడనోడు గొప్పోడే. ఎందుకంటున్నానో తెలుసా? నువ్వు రేపు రైల్వే టీమ్ ట్రయల్స్‌కి వెళ్తావు, తర్వాత నేషనల్స్ ఆడతావు. ఎక్కడా ఓడకు. అప్పుడు నా కన్ను పోగొట్టినోడు మామూలోడు కాదని చెప్పుకుంటా. నాకు మిగిలింది అదొక్కటేరా.”

మాలిక్ టీ గ్లాసు కింద పెట్టేశాడు.

“వచ్చేవారం ఆ రోజు వేసుకున్న గ్లవ్స్ తీసుకురా. ఒకసారి చేత్తో పట్టుకుని చూడాలి,” అన్నాడు ఇమ్మానుయేలు.

ఆ ఫైనల్ తర్వాత మాలిక్ ఆ గ్లవ్స్ ముట్టుకోలేదు. బాక్సింగ్ హాల్లో ఉన్నవే వాడుతున్నాడు. ఇంటి దూలానికి వేలాడుతున్న గోతాన్ని, అందులో ఉన్న ఆ గ్లవ్స్‌తో సహా అలాగే తీసుకుని వచ్చే ఆదివారం బస్సెక్కాడు.

అతను వచ్చేసరికి ఇమ్మానుయేలు వల ఇవ్వడానికి ఒడ్డుకి వెళ్ళాడు. రెబ్కా ఒక్కతే ఉంది. గోతంలోంచి గ్లవ్స్ తీయగానే చేతులు చాపింది.

“తొడగండి. నేనూ ఛాంపియన్ అవుతా.”

లేసులు కడుతుంటే అతని వేళ్ళు ఒకచోట నిలవడం లేదు.

“రింగులో వణకని చేతులు ఇక్కడెందుకండీ వణుకుతున్నాయి?”

“రింగులో ఎదురుగా నువ్వుండవుగా.”

ఆమె చెవులు ఎర్రబడ్డాయి. దాన్ని కప్పిపుచ్చడానికి అతని ఛాతీ మీద ఒకటిచ్చింది. “ఇది డార్నెల్‌కి!” ఇంకొకటిచ్చింది. “ఇది వాణ్ణి పొగిడినందుకు!” వాన వెలిసి ఉక్కపోస్తోంది. పది గుద్దులకే ఆమె మొహమంతా చెమట పట్టింది. కంట్లో పడ్డ జుట్టుని గ్లవ్‌తోనే వెనక్కి తోసుకుంది.

“అమ్మో! కళ్ళు!”

నటిస్తోందనుకుని మాలిక్ నవ్వాడు. ఆమె మోకాళ్ళ మీద కూలబడ్డాక నవ్వు ఆగింది. కళ్ళు చింతనిప్పుల్లా అయిపోయాయి. లేసులు ఊడదీసి, తొట్టి దగ్గరికి తీసుకెళ్ళి నీళ్ళు కొట్టాడు. నీళ్ళు పడేకొద్దీ మంట ఇంకా పాకింది.

“ఏముందందులో?”

మాలిక్ గ్లవ్ ఎత్తి వాసన చూశాడు. అతనికేమీ తెలియలేదు. కుట్టు మీద నాలుక ఆనించాడు. సర్రుమంది.

మిరపకాయ.

మార్చిలో వాళ్ళ ఇంటి నిండా మిరపకాయలే. కళ్ళంలో పట్టా పరిచి కాయ ఆరబోస్తారు. మంచం కింద కాయ, మూలన రంగు పోయిన తాలుకాయ, గాలిలో దుమ్ము. ఆ దుమ్ములో పుట్టి పెరిగినవాళ్ళకి దాని ఘాటు తెలియదు. ఆ ఫైనల్ ముందురోజు గ్లవ్స్ ఎండలో పెట్టింది ఆ పట్టా మీదే. ఒంగోలు తీసుకెళ్ళింది మిరపకాయల గోతంలోనే. బాక్సింగ్ అసోసియేషన్ వాళ్ళకి గ్లవ్స్ చాలక, ఆ రోజు ఎవరివి వాళ్ళనే వేసుకోమన్నారు.

రెబ్కా చున్నీతో కళ్ళు ఒత్తుకుంటూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

“అన్నయ్య ఆ రోజు ఇదే అన్నాడు. మొదటి రౌండయ్యాక. కళ్ళు మండుతున్నాయి, కనపడట్లేదని. వాడి కోచ్ వాళ్ళు చెమటేలే అన్నారు. ఇలాగే నీళ్ళు కొట్టి మళ్ళీ లోపలికి పంపారు.”

ఆ రోజు ఇమ్మానుయేలు చేతులు ఎందుకు దిగిపోయాయో మాలిక్‌కి ఇన్నాళ్ళకి అర్థమైంది. ఎదుటివాడు అలిసిపోయాడనుకున్నాడు తను. వాడు కళ్ళు తుడుచుకోబోయాడు.

“కావాలని చేశావా?”

“అమ్మ మీద ఒట్టు రెబ్కా, నాకు తెలీదు.”

“తెలీదంటే కన్ను తిరిగొస్తుందా?”

ఆమె గ్లవ్స్ గోతంలో కుక్కి అతని చేతిలో పెట్టింది.

“అన్నయ్యకి చెప్పొద్దు. గొప్పోడి చేతిలో ఓడాననుకుని బతుకుతున్నాడు. ఆ ఒక్కమాటా లాక్కోకు. నువ్వు మాత్రం మళ్ళీ మా ఇంటికి రావద్దు.”

ఎర్రబడ్డ కళ్ళలోంచి కారుతున్నది మంటకి వచ్చిన నీళ్ళో ఏడుపో తెలియలేదు. మాలిక్ వెళ్ళిపోయాడు. ఒంగోలు బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా నిలబడే వెళ్ళాడు.

ఇంట్లో తల్లి అమీర్‌బీకి చెప్పాడు. ఆమె చాలాసేపు తన చేతులకేసి చూసుకుంది. ముప్ఫై ఏళ్ళుగా తొడిమలు తీసి తీసి మొద్దుబారిన చేతులు.

“ఎండ బాగుందని నేనే కదరా అక్కడ పెట్టింది,” అంది. తర్వాత మరోమాట అంది. “నువ్వు చెప్పకపోతే నేనెళ్ళి ఆ పిల్లాడి కాళ్ళు పట్టుకుని చెప్తా.”

మర్నాడు బాక్సింగ్ హాల్లో కోచ్ సైదా మాస్టారు మాత్రం తలుపేసి అరిచారు. “నోరు మూసుకో! రైల్వే వాళ్ళకి నీ పేరు పంపింది ఆ ఒక్క గెలుపు చూసే. అది పోతే నువ్వెవరు?”

“ఆ గెలుపే తీసెయ్యమంటున్నా సార్.”

“జీవితం పాడుచేసుకుంటున్నావురా!”

“నాదొక్కడిదే కదా సార్.”

అసోసియేషన్‌కి ఉత్తరం రాశాడు. జరిగింది జరిగినట్టు రాసి, ఆ ఫైనల్ ఫలితం రద్దు చేయమని సంతకం పెట్టాడు. ఆ ఆదివారం కొత్తపట్నం వెళ్ళడానికి ధైర్యం చాల్లేదు. పై ఆదివారం వెళ్ళాడు.

గుమ్మంలో రెబ్కా అడ్డం నిలబడింది. “రావద్దన్నాగా?”

“నీకోసం రాలేదు,” అన్నాడు. అందులో సగమే నిజం.

“ఎవరే? మాలిక్కా? వారం ఎగ్గొట్టావేంరా!” లోపల్నుంచి ఇమ్మానుయేలు కేకేశాడు.

మాలిక్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. కళ్ళం, పట్టా, గోతం, ఉత్తరం. ఇమ్మానుయేలు అతను తెచ్చిన గోతంలోంచి ఒక గ్లవ్ అందుకుని నాలుకకి తాకించుకున్నాడు. ఉమ్మేశాడు. లేచి మాలిక్ మొహం మీదికి బలంగా పిడికిలి విసిరాడు.

అది తగల్లేదు. జానెడు దూరంలో గాలిలోంచి పోయింది. దూరం తెలియక.

ఇమ్మానుయేలు తూలి మంచంకోడు పట్టుకున్నాడు. రెబ్కా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాలిక్ ఒక అడుగు ముందుకు జరిగి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. రెండో దెబ్బ తగిలింది. పెదవి చిట్లింది. మూడోది కొట్టబోయి ఇమ్మానుయేలు ఏడ్చేశాడు. చిన్నపిల్లాడిలా, గొంతెత్తి.

ఏడుపు తగ్గాక ఇమ్మానుయేలు మంచం మీద కూర్చుని మొహం తుడుచుకున్నాడు.

“ఆ ఉత్తరానికి ఏమన్నారు?”

“రద్దు చేస్తారంట.”

“అంటే నాది పదకొండుకి పదకొండు.”

“అవును.”

“ఓడనోణ్ణి నేనన్నమాట.” చెల్లెలి వైపు తిరిగాడు. ఉన్న ఒక్క కన్ను ఇంకా తడిగానే ఉంది. “ఏమే, ఇప్పుడు చెప్పు. నేను ఆల్ టైమ్ గ్రేటేనా?”

ఎప్పుడూ మాటకి మాట సిద్ధంగా పెట్టుకునే రెబ్కా అన్న తలని పొట్టకి హత్తుకుంది. “గ్రేటే అన్నయ్యా. ఎవరు కాదన్నా గ్రేటే.”

“మరి వీడు?”

ఆమె మాలిక్ పెదవి మీది నెత్తురుని చూసింది. “గొప్పో కాదో తెలీదు. ఓడితే ఏం చేస్తాడో మాత్రం తెలిసింది.”

ఇమ్మానుయేలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. “ఇవాళ వెళ్ళిపోరా. నీ మొహం చూడలేను.”

వీధి మలుపులో వెనక అడుగుల చప్పుడైంది. రెబ్కా తడిగుడ్డ అందించింది.

“రెబ్కా, నాకు నువ్వంటే...”

“తెలుసు. ఇవాళ చెప్పకు. ఇవాళ వింటే నన్ను నేను క్షమించుకోలేను.”

“మరెప్పుడు?”

“అన్నయ్య నీతో మళ్ళీ డార్నెల్ గురించి పోట్లాడిన రోజున.” వెళ్ళబోయి వెనక్కి తిరిగింది. “ఆ రోజు రాకపోతే నేనేం చెయ్యలేను మాలిక్.”

ఆ రోజు తొందరగా రాలేదు. డిసెంబరులో రైల్వే ట్రయల్స్ జరిగాయి, మాలిక్‌కి పిలుపు రాలేదు. సంక్రాంతి వెళ్ళింది. చేలో మొదటి కోత కోసి కాయ కళ్ళంలోకి చేర్చారు. ప్రతి ఆదివారం పొద్దున్నే స్నానం చేసి, ఎక్కడికీ వెళ్ళేది లేక మళ్ళీ కాయల దగ్గరే కూర్చునేవాడు. అమీర్‌బీ చూసేది, అడిగేది కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం కాయలు తిరగేస్తుంటే ఫోన్ మోగింది.

“ఒరేయ్!” ఇమ్మానుయేలు గొంతు. “డార్నెల్ ఓడిపోయాడురా! తొమ్మిదో రౌండులో పడుకోబెట్టేశారు!”

మాలిక్ చేతిలోని కాయలు వదిలేసి లేచి నిలబడ్డాడు.

“వింటున్నావా? అందరూ అయిపోయాడంటున్నారు. నేనొప్పుకోను. ఇప్పుడే కదరా తెలిసేది వాడు గొప్పోడో కాదో! మా చెల్లి నాతో వాదిస్తోంది, దీని నోటికి నేనొక్కణ్ణే చాలట్లేదు. వస్తావా, రావా?”

“వస్తా,” అన్నాడు మాలిక్.

అవతల వెనకనుంచి రెబ్కా అరుపు వినిపించింది. “చేతులు శుభ్రంగా కడుక్కుని రమ్మను!”

మాలిక్ ఫోన్ పక్కనపెట్టి తన చేతులకేసి చూసుకున్నాడు. వేళ్ళసందుల్లో, గోళ్ళకింద ఎర్రటి పొడి. అమీర్‌బీ అప్పటికే లేచి కొబ్బరినూనె సీసా తెచ్చింది. ముందు నూనె రాసింది, తర్వాత సున్నిపిండి, తర్వాత సబ్బు. చెంబుతో ఆమె నీళ్ళు పోస్తుంటే, మాలిక్ మూడుసార్లు చేతులు కడుక్కుని నాలుకతో తాకి చూసుకున్నాడు. ఇంకా కొంచెం కారం తగిలింది. మళ్ళీ కడుక్కున్నాడు.